పదిహేడో నంబరు సీసా

సమ్మక్క నోటి నుంచి ఆ మాట బయటపడి రెండు రాత్రులు గడిచిపోయాయి. "మీరిచ్చిన గోళీలు నేను మింగలే మేడం. మా తమ్మునికిచ్చిన" అని సోమవారం మధ్యాహ్నం సూరత్‌లో తెలుగు వలస కార్మికులుండే కోసాడ్ క్వార్టర్ల మెట్ల మీద కూర్చుని ఆమె చెప్పినప్పుడు, డాక్టర్ హిమశ్రీకి కోపం తెచ్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఆ తమ్ముడు బిక్షపతి సరిగ్గా ఆ సమయానికి ఖటోదరాలో, వాళ్ళు సాంచెలని పిలిచే మరమగ్గాల షెడ్డులో చలిజ్వరంతో వణికిపోతూ కూడా డ్యూటీ దిగకుండా నిలబడి ఉన్నాడు. అతణ్ణి ఆటోలో ఎక్కించుకుని తాను పనిచేసే ట్రస్టు ఆసుపత్రికి తీసుకొచ్చి చేర్పించింది. రెండు చేతుల నుంచీ విడివిడిగా రక్తం తీయించి, రెండు నమూనాలు, పోల్చడానికి మందుల స్టోరు నుంచి అసలు మందు గోళీ ఒకటీ ల్యాబుకు పంపింది.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి మొదటి నమూనా ఫలితం వచ్చింది. చీటీ మీద రెండే లైన్లు ఉన్నాయి. కడ్డీల ఆకారంలో సూక్ష్మజీవులు పెరిగాయి. బహుశా సూది గుచ్చేటప్పుడు చర్మం మీద నుంచి అంటుకున్న కలుషితం.

హిమశ్రీ ఆ చీటీ పట్టుకుని వార్డులోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

బిక్షపతి కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి. నూటమూడు జ్వరం. పక్కన వేలాడుతున్న సెలైన్ సీసాలోంచి ఖరీదైన యాంటీబయాటిక్ బొట్టుబొట్టుగా దిగుతోంది. రెండు రోజులుగా దిగుతూనే ఉంది. జ్వరం మాత్రం అర డిగ్రీ కూడా దిగలేదు.

అలికిడికి అతను కళ్ళు తెరిచి హిమశ్రీని గుర్తుపట్టాడు. దుప్పటి కిందనుంచి రెండు చేతులూ బయటికి తీసి అరచేతులు పైకి తిప్పి చూపించాడు.

"చూసిన్రా మేడం? సాఫ్ అయినయి. సేట్ గూడ చూసిండు. మార్చిల గీ చేతులు చూసే రేపటి సంది సాంచెల కాడికి రావద్దన్నడు. పొట్టు రాలి గుడ్డ మీద పడ్తుందన్నడు. ఇప్పుడు ఏమంటలేడు."

ఆ అరచేతుల మీద నిజంగానే ఒక్క పొలుసు లేదు. మార్చిలో అవే చేతులు ఎండిన చెరువులా బీటలు వారి, బీటల్లోంచి రక్తం కారుతూ ఉండగా ఆమె చూసింది. సోరియాసిస్‌కు కొత్త మందు పరీక్షలో చేర్చుకోమని అతను వచ్చిన రోజు అది. వేరే ఆసుపత్రిలో ఇచ్చిన పసుపు మాత్ర ప్రతి ఆదివారం వేసుకుంటున్నానని చెప్పగానే ఆమె దరఖాస్తు పక్కన పెట్టేసింది. ఆ మాత్ర ఒంట్లోని రక్షణ శక్తిని అణచిపెడుతుంది. అలాంటివాళ్ళకు బతికున్న సూక్ష్మజీవులను మింగించకూడదని పరీక్ష నియమాల్లో మొట్టమొదటే రాసి ఉంది. అందుకే అతనికి కుదరదంది. ఎందుకు కుదరదో మాత్రం చెప్పలేదు. ఆ రోజు బయట ముప్ఫై మంది వరసలో ఉన్నారు.

"జర నీళ్ళిస్తరా మేడం?" అన్నాడు బిక్షపతి. చెంచాతో రెండు గుక్కలు పోసింది. మూడోది మింగలేకపోయాడు.

వార్డు చూసే పెద్ద డాక్టరు చీటీ చదివి తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఇది కలుషితమని ల్యాబే అంటోంది. మీరేమో మీ గోళీల్లోని జీవులు రక్తంలోకి పోయాయంటున్నారు. కావచ్చు. ఎక్కడో నూటికో కోటికో ఒక్కరికి జరగొచ్చు. మీరు చెప్పేదే నిజమైతే ఇప్పుడిస్తున్న మందు వాటి మీద పనిచెయ్యదు, వేరేది మార్చాలి. కానీ అతని కిడ్నీలు చూశారా? ఆ ఆదివారం మాత్ర, ఈ జ్వరం రెండూ కలిసి వాటిని సగం నాశనం చేశాయి. అనుమానం మీద మందులు మారుస్తూ పోతే మిగతా సగం నేను పాడుచేసినవాణ్ణవుతాను. మీ పరీక్షలో సగం మందికి పిండి గోళీలే కదా, అతను మింగింది అసలు మందేనా, ఉత్త పిండా? అది తేల్చుకురండి. మధ్యాహ్నం లోపల."

అది తేల్చగలిగే కాగితం ఆసుపత్రి మొత్తంలో ఒక్కటే ఉంది. దాన్ని తెరవాలంటే డాక్టర్ జరీవాలా సంతకం కావాలి.

చర్మవ్యాధుల విభాగానికి జరీవాలా పెద్ద. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. సోరియాసిస్ పైకి చర్మం మీద కనిపించినా దాని మూలం ఒంటి రక్షణ వ్యవస్థలో ఉంటుందనీ, ఆ వ్యవస్థకు తర్ఫీదు దొరికేది పేగుల్లోననీ, పేగుల్లోకి మంచి సూక్ష్మజీవులను పంపితే చర్మం మీద మంట తగ్గవచ్చనీ ఆయన నమ్మకం. నమ్మకాన్ని నమ్మకంగానే చెప్పేవాడు, రుజువని ఏనాడూ అనలేదు. ఆ రుజువు కోసమే నలభై మందితో ఈ పరీక్ష మొదలుపెట్టాడు. అందరికీ మామూలు పూత మందు ఇస్తారు. దానికి తోడు ఇరవై మందికి పాలు తోడుకునే జాతి జీవులను ఎండబెట్టి నింపిన గోళీలు, మిగతా ఇరవై మందికి అచ్చం అలాగే కనిపించే పిండి గోళీలు. ఎవరికి ఏవి వెళ్ళాయో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు; ఆ వివరం రోగి నంబరు వేసి సీలు చేసిన కవర్లలోనే ఉంటుంది. కోసాడ్ ఆడవాళ్ళు వాటికి పెరుగు గోళీలని పేరు పెట్టుకున్నారు.

హిమశ్రీ లోపలికి వెళ్ళేసరికి జరీవాలా సాసర్‌లో పోసుకున్న టీ తాగుతున్నాడు.

"సర్, పదిహేడో నంబరు కవరు తెరవాలి."

ఆయన సాసర్ కింద పెట్టాడు. "ఎవరి కోసం?"

"బిక్షపతి కోసం."

"బిక్షపతి నంబరెంత?"

హిమశ్రీ చేతిలోని ల్యాబు చీటీ ఆయన ముందు పెట్టింది.

"లేదు కదా బేటా. పరీక్షలో లేని మనిషికి నంబరుండదు. పదిహేడు అతని అక్కది. ఆమెకేమీ కాలేదు. నువ్వు పెట్టే అర్జీలో ఏం రాస్తావు? ఐదు నెలలుగా ఆమె గోళీలు ఆమె మింగలేదు, ప్రతి నెలా నేను ఆమె ఖాళీ సీసా చూసి, సక్రమంగా వాడుతోందని సంతకం పెట్టాను, అని రాస్తావా?"

"రాస్తాను సర్."

"రాయి. ఎథిక్స్ కమిటీ మొదటి ప్రశ్న నిన్నడగదు, నన్నడుగుతుంది. ఒక్కామె ఇలా చేస్తే మిగతా ముప్ఫై తొమ్మిది మంది చెయ్యలేదని ఏమిటి నమ్మకం అంటుంది. పరీక్ష అక్కడితో సరి." గొంతు పెంచకుండానే ఆయన కళ్ళద్దాలు తీశాడు. "మా అమ్మకి ఈ జబ్బే. మా ఇంట్లో ఆవిడకి కంచం వేరు, గ్లాసు వేరు, చివరి గది వేరు. పన్నెండేళ్ళు ఆ గదిలోనే ఉండి పోయింది. అంటుకోదని చెప్పగలిగేంత చదువు నాకు వచ్చేనాటికి ఆవిడ లేదు. ఇంకొక్క నెల ఆగితే చాలు, మందు పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. ఒక్క నెల."

"బిక్షపతికి నెల లేదు సర్. మధ్యాహ్నం వరకే ఉంది."

జరీవాలా కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అతను పరీక్షలో లేడు, నిజమే. మార్చిలో మన గుమ్మం దాకా వచ్చినవాణ్ణి నేనే వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే, వాళ్ళక్క తన గోళీలు అతని నోట్లో వేసేది కాదు. ఆ తప్పు నాది. అర్జీలో అదీ రాస్తాను. మీరు సంతకం పెట్టకపోతే, పెట్టలేదని కూడా రాస్తాను."

ఆ చివరి మాట ఎవరితో అంటోందో ఆమెకు తెలుసు. ఎనిమిది నెలల కిందట ఈ ఉద్యోగం ఇచ్చింది ఈయనే. ఊరు కొత్తని, ఇల్లు దొరికేదాకా తన చెల్లెలి ఇంట్లో ఉండనిచ్చింది కూడా ఈయనే.

జరీవాలా జేబులోంచి పెన్ను తీశాడు. తరువాత కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. "నా పేరు స్పష్టంగా కనిపించాలి. రేపు ఎవరడిగినా ఇది నేను తీసుకున్న నిర్ణయమే" అన్నాడు.

మందుల స్టోరు చూసే లలితకుమారి రైల్వే గార్డుగారి కూతురు. గోదావరి జిల్లా తల్లిదండ్రులకు సూరత్‌లోనే పుట్టింది. సంతకం చూసి నిర్ఘాంతపోయింది.

"ఏంటండీ హిమశ్రీ గారూ, పాగల్ అయిపోయారా? ఇంకో నెలలో అయిపోయేదానికి!"

"తెరవండి లలిత గారూ. వివరంగా తరువాత చెబుతాను."

లలితకుమారి ఇనప బీరువా తాళం తీసి, నంబర్ల వారీగా పేర్చిన కవర్లలోంచి పదిహేడు బయటికి తీసింది. లక్క సీలు పగలగొట్టింది. లోపలి చీటీ చూసి, మారుమాట లేకుండా ఇటు తిప్పింది.

పిండి.

హిమశ్రీ ఆ మాట రెండుసార్లు చదివింది. ఇంకేముంది? బిక్షపతి మింగింది ఉత్త పిండి. రక్తంలో కనిపించింది ల్యాబు చెప్పినట్టు కలుషితమే. ఐదు నెలల కట్టుబాటు తెంచింది ఇందుకోసమా! వెనకే వచ్చి నిలబడ్డ జరీవాలా ఆ చీటీ తీసుకుని చూసి తిరిగి బల్ల మీద పెట్టాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

స్టోరు బల్ల మీద ఫోన్ మోగింది. లలితకుమారి తీసి, "మీకే. ల్యాబ్" అంది.

"డాక్టర్, రెండో నమూనా కూడా పెరిగింది" అన్నాడు అవతలివాడు. అతని గొంతులో ఉదయమున్న ధీమా లేదు. "అవే కడ్డీలు. రెండు చేతులు, రెండు సూదులు, రెండు చోట్లా ఒకే జీవి. ఇది కలుషితం అనలేను. పైగా ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూశాను. మీరు పోల్చడానికిచ్చిన అసలు మందు గోళీలోని జీవిలాగే ఉంది."

హిమశ్రీ ఫోన్ పెట్టేసి విన్నది విన్నట్టు చెప్పింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీసాలో పిండి ఉంది. అతని రక్తంలో జీవి ఉంది.

"కవర్లు మారిపోయాయేమో?" అన్నాడు జరీవాలా.

లలితకుమారి మొహం ఎర్రబడింది. "నా చేత్తో నింపాను సర్. నలభైకి నలభై. మారవు."

హిమశ్రీ అప్పటికే బయటికి నడిచింది.

వరండా చివర గోడకానుకుని సమ్మక్క నేల మీద కూర్చుని ఉంది. చీరల మార్కెట్లో మడతలు పెట్టే పని ఆమెది. రెండు రోజులుగా పనికి పోలేదు. నిండు చేతుల జాకెట్టు కింద మోచేతుల దగ్గర పొలుసులు గుడ్డకు అంటుకుని తెల్లగా కనిపిస్తున్నాయి. ఆమె జబ్బు మొదటి రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. దాచుకోగల చోట ఉన్నది తను భరించి, దాచుకోలేని చోట జబ్బున్న తమ్ముడికి మందిచ్చిన మనిషి.

హిమశ్రీ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"సమ్మక్కా, బిక్షపతికి ఇచ్చినవి నీ సీసాలో గోళీలేనా? నిజం చెప్పు. నిన్నేం అనను."

"నా వంతువే ఇచ్చిన మేడం. నా పిల్లల మీద ఒట్టు."

"వంతా? వంతేంది?"

సమ్మక్క తలొంచుకుంది. పక్కన జరీవాలా వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

"చెప్పు సమ్మక్కా. తమ్ముని పాణం మీదికొచ్చింది."

"మొదటి రోజు మీరే చెప్పిన్రు గద మేడం" అంది సమ్మక్క నెమ్మదిగా. "సగం మందికి మందు, సగం మందికి పిండి అని. ఎవ్వలకు ఏదొచ్చిందో మీకు గూడ ఎర్కలేదంటిరి. మాకది మంచిగనిపియ్యలే. ఒక్క బిల్డింగులనే ఉంటం. ఈ ఇంట్ల మందు, పక్కింట్ల పిండా? నీళ్ళ నల్లా కాడ అందరం మాట్లాడుకున్నం. నెల నెల సీసాలు రాంగనే అన్ని తీస్కపోయి ఒక్క స్టీలు డబ్బల పోసినం. మంచిగ కలిపినం. పొద్దుమాపు ఎవ్వల వంతు వాళ్ళు అండ్లకెల్లి తీస్కుంటం. వస్తే అందరికింత మందొస్తది, లేకుంటే అందరికింత పిండొస్తది."

హిమశ్రీ కొంచెం ముందుకు జరిగింది. "ఎంతమంది?"

"కోసాడ్‌ల ఉన్న తొమ్మిది మందిమి."

"మొన్న నాకెందుకు చెప్పలేదు?"

"తమ్మునికిచ్చిన అని చెప్పిన గద మేడం. ఎండ్లకెల్లి తీసి ఇచ్చిన్నో మీరడగలే."

పరీక్ష మొదలైన రోజున కోసాడ్‌ వాళ్ళను వరసగా కూర్చోబెట్టి, అంగీకార పత్రాన్ని వాళ్ళ భాషలో విప్పి చెప్పింది హిమశ్రీయే. అర్థమైందా అని అడిగితే అందరూ తలలూపారు. సగమే అర్థమై ఉంటుందనుకుంది. వాళ్ళకు మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక, అందులో తమకు అన్యాయమనిపించినదాన్ని తమకు తోచినట్టు సరిచేసుకున్నారు.

తొమ్మిది మంది రికార్డులూ ఇక చెత్తబుట్టకే. బిక్షపతి అరచేతులు ఆదివారం మాత్ర వల్ల మానాయో, పెరుగు గోళీల వల్ల మానాయో, రెండూ కలిసి మానాయో ఇక ఎవరూ చెప్పలేరు.

సమ్మక్క చెప్పిందంతా హిమశ్రీ జరీవాలాకు హిందీలో చెప్పింది. ఆయన వరండా కిటికీ ఊచ పట్టుకుని నిలబడి విన్నాడు.

"వార్డుకి ఫోన్ చెయ్యి. రుజువు దొరికిందని చెప్పు. మందు మార్చమను, ఇప్పుడే" అన్నాడు.

ఆమె ఫోన్ చేసింది. అవతల పెద్ద డాక్టరు మొత్తం విని, "సరే, మారుస్తున్నాను. రాత్రికి గాని తెలియదు" అన్నాడు.

"ఇవాళ్టి నుంచి పరీక్ష ఆపేస్తున్నాం" అన్నాడు జరీవాలా. "నలభై మందికీ కబురు వెళ్ళాలి. ఒక్క గోళీ కూడా మింగొద్దని. ముందు కోసాడ్." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "బేటా, ఇంకో మాట అడుగు. ఈమెలాగే తన వంతు బయటివాళ్ళకిచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

హిమశ్రీ అడిగింది. సమ్మక్క వేళ్ళ మీద ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోయింది. ఆరో వేలు దగ్గర ఆగింది.

"పోశమ్మ ఇస్తది. వాళ్ళత్త బుచ్చవ్వకు."

"బుచ్చవ్వకు చర్మం జబ్బుందా?"

"లేదు మేడం. కీళ్ళు పట్టుకుంటయి. బిక్షపతికి జర తక్కువైందని ఇని నాకు గూడ పెట్టున్రి అన్నది. పోశమ్మ కాదనలేకపోయింది."

"కీళ్ళకి ఏం మందు వాడుతుంది?"

"గదే. మా తమ్ముని లెక్కనే. ఐతారం ఐతారం పసుపు గోళి."

హిమశ్రీ లేచి నిలబడింది. "ఎట్లుంది ఆమె? బాగానే ఉందా?"

"మొన్నటి సంది చలిపెడ్తుందంటుంది. గీడ దవాఖానకు రాను, ఊర్లె చూపిచ్చుకుంట అన్నది. పొద్దుగాల పోశమ్మ టేషన్‌కు తోల్కపోయి నవజీవన్ ఎక్కిచ్చొచ్చింది."

"తోడెవరు?"

"ఎవ్వల్లేరు. ఎప్పుడు ఒక్కతే పోతది. వరంగల్ల మనుమడు దించుకుంటడు."

హిమశ్రీ గడియారం చూసింది. ఒంటిగంట కావస్తోంది. బండి మహారాష్ట్రలోని నందుర్బార్ దగ్గర్లో ఉండి ఉంటుంది. వరంగల్ చేరాలంటే ఇంకా పన్నెండు గంటలకు పైనే ప్రయాణం.

"ఫోనుందా ఆమె దగ్గర?"

సమ్మక్క కొంగు ముడి విప్పి తన చిన్న ఫోన్ తీసింది. నంబరు దొరకబుచ్చుకోవడానికి రెండుసార్లు తడబడింది. స్పీకర్ నొక్కి ఇద్దరి మధ్యా పట్టుకుంది. మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి ఐదో మోతకు ఎత్తారు. వెనక రైలు చప్పుడు, ఎవరెవరివో కేకలు.

"అవ్వా! బుచ్చవ్వా! నేను సమ్మక్కను. ఎట్లున్నవ్?"

అవతల నుంచి బుచ్చవ్వ పలకలేదు. ఎవరో మగమనిషి, ఆయాసపడుతూ, హిందీలో అడిగాడు.

"ఈ ఫోను ముసలావిడ ఎంత లేపినా లేవడం లేదు. మీకేమవుతుందమ్మా?"